మొదటి రకం

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండనే ఉంది గాని, బట్టల మిల్లులో ఇరవై రెండేళ్ళుగా దానితో ఎవరికీ పని పడలేదు. అక్కడ ఆమె డేగకన్ను. మేనేజరు మొదలుకొని గేటు దగ్గరి కాపలావాడి దాకా అందరి నోటా అదే మాట. ఎదుట డేగకన్నుగారూ అంటారు, చాటున ఆ గారును కత్తిరించి పారేస్తారు. ఆ బిరుదును ఆమె మెడలో నగలా ధరించి తిరిగింది.

మగ్గాల శాల నుంచి వచ్చిన బట్ట తానులు తానులుగా ఆమె ముందున్న గాజుబల్ల మీదుగా మెల్లగా దొర్లిపోతుంటాయి. బల్ల అడుగున వరుసగా దీపాలు. తెగిన పోగు, పడిన ముడి, నూనె చుక్క, నేత వదులై పలచబడ్డ చోటు, ఏదైనా సరే, కంట పడిందంటే ఆమె కాలితో మీట తొక్కి బల్లను ఆపి, ఆ తప్పుకు సూటిగా బట్ట అంచున ఒక ఎర్రదారం ముడివేస్తుంది. నూరు మీటర్ల తానులో పది ఎర్రదారాల వరకు మిల్లు మన్నిస్తుంది. పదకొండోది పడిందా, అది రెండో రకమై పక్క గదిలోకి పోతుంది. ఇనుముతోను, ఆవిరితోను నడిచే మిల్లుకే పది తప్పులను కడుపులో పెట్టుకునేంత ఉదారత ఉంది. డేగకన్ను ఇంటికి ఆపాటిది కూడా లేదు.

ఆమె ఎవరింటికైనా చూడవచ్చిందంటే ఆ ఇల్లాలు మంచినీళ్ళు తేవడానికి ముందు కర్టెన్లు తీసి దాచేది. కూర్చున్న కుర్చీ గుడ్డను వేలితో తడిమి, అందులో లోపం పట్టుకొని, దాన్ని ఆ ఇంటివారికి ఒక ఉపకారంలా చెప్పి వచ్చే అలవాటు ఆమెది. పెళ్ళయిన కొత్తలో భర్త చొక్కా కాలరు మీద కూడా ఒక ఎర్రదారం కట్టిందని, అతడు దాన్ని చూసుకోకుండానే ఉద్యోగానికి వెళ్ళాడని మిల్లులో ఒక కథ. ఆ భర్త బస్సు డిపోలో వచ్చే బస్సుల వేళ, పోయే బస్సుల వేళ రాసుకునే ఉద్యోగి. ఇంట్లో ఏ సంగతి తేలాల్సి వచ్చినా, మీ ఇష్టం అని రెండే మాటలు పలికి, గడియారం చూసుకొని బయటికి నడిచేవాడు. ఆ రెండు మాటలతోనే పంతొమ్మిదేళ్ళ కాపురం చేసిన ఘనుడు.

కూతురు పుట్టినప్పుడు, ఆసుపత్రి మంచం మీద, అలసట కూడా తీరకముందే, డేగకన్ను ఆ పసిగుడ్డును వెలుతురుకేసి పట్టి ముందువైపు, వెనకవైపు తిప్పి చూసింది. వేళ్ళు లెక్కపెట్టింది. చెవుల వెనక చూసింది. ఎడమ మడమ మీద ఆవగింజంత మచ్చ కనబడితే, ఇది పోతుందా అని నర్సును అడిగింది. నర్సు నవ్వి, పోదమ్మా, అయినా మడమ ఎవరు చూస్తారు అన్నది. నేను చూస్తాగా అన్నది డేగకన్ను. పదహారేళ్ళ పాటు ఆ మాట తప్పలేదు.

ఆ వంశానికి అప్పటికే ఒక ఎర్రదారం పడి ఉన్నది. అది ఆమె తమ్ముడు. సైకిళ్ళు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఒక సైకిలు చక్రం విప్పి, మధ్యలో ఇంకొకడి పంచరు చూసి, ఆ మధ్యలో టీకి పోయే ఘటం కనుక వీధి వీధంతా వాణ్ణి సగంపని అని పిలిచేది. ఇరవై మూడో ఏట వాడు ఒక సంవత్సరం పాటు మంచం దిగలేదు. తిండి మానేశాడు, మాట మానేశాడు. అప్పుడెవరో స్నేహితుడు చెయ్యి పట్టుకొని మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, పద్నాలుగు నెలలు మాత్రలు మింగి, వారం వారం వెళ్ళి మాట్లాడి, మనిషై లేచాడు. అందులో వాడికి దాచుకోవలసిందేమీ కనబడలేదు. చక్రానికి గాలి కొడుతూ కొడుతూనే వచ్చినవాళ్ళకు ఆ సంగతి చెప్పేవాడు. అక్క మాత్రం ఆ పద్నాలుగు నెలలను బంధువులకు వేరే విధంగా నేసి చూపింది: తమ్ముడు దూరాన ఎక్కడో యంత్రాల శిక్షణకు వెళ్ళాడట. పద్నాలుగు నెలలు శిక్షణ పొందినవాడు సైకిలు బ్రేకు ఎందుకు సరిగా బిగించలేడని ఎవరూ అడగకపోవడం ఆమె అదృష్టం.

ఇక కూతురి సంగతి. బడిలో ఆ పిల్ల నోటుపుస్తకాలను టీచర్లు ఒక తరగతి నుంచి ఇంకొక తరగతికి పంపేవారు, రాయడమంటే ఇలా అని చూపడానికి. దాంతో తోటిపిల్లలు ఆమెకు నమూనా అని పేరు పెట్టారు. డేగకన్ను ఆ పేరు విని మురిసింది. అది వెక్కిరింత అన్న అనుమానం ఆమె డేగకళ్ళకు తట్టలేదు.

ఆ నమూనా పుస్తకాలు తయారయ్యే తీరు బడిలో ఎవరికీ తెలియదు. ఒక అక్షరం వంకర పోయినా, ఒక మాట కొట్టివేయవలసి వచ్చినా పిల్ల ఆ కాగితం చించేసేది. కుట్టిన పుస్తకంలో ఒక కాగితం చించితే అవతలి సగంలో దాని జతకాగితం ఊడి వస్తుంది. కనుక అదీ తీసేసి, అందులో ఉన్నది మళ్ళీ రాసేది. పుస్తకం పలచబడితే దారం విప్పి, కొత్త కాగితాలు చేర్చి, మళ్ళీ కుట్టేది. ఆ కుట్టు నేర్పింది తల్లే. పాత రంధ్రాల్లోంచే సూది పోవాలనీ, ముడి లోపలికి దాగాలనీ పక్కన కూర్చుని చూపించింది. గంటలో అయిపోవలసిన ఇంటిపని నాలుగు గంటలు పట్టేది. అయిన తరువాత తల్లి దాన్ని దీపం కింద పెట్టి ఒక్కొక్క పుటా తిరగేసేది. ఏమీ అనేది కాదు. ఎక్కడో ఒకచోట వేలు ఆపేది, అంతే. ఆ వేలు ఆగిన చోటు నుంచి పిల్ల మళ్ళీ మొదలుపెట్టేది.

పదిహేనో ఏట నుంచి ఆ పుస్తకాల పుటల మధ్య వెంట్రుకలు దొరకసాగాయి. ఒకటి కాదు, రెండు కాదు, కుదుళ్ళతో సహా ఊడినవి. రాస్తున్నప్పుడు పిల్ల ఎడమచెయ్యి తనకు తెలియకుండానే చెవి వెనకకు పోయి ఒక్కొక్కటే పెరికేది. అక్కడ బొటనవేలి గోరంత మేర నున్నగా అయింది. డేగకన్ను చూడలేదని ఎవరైనా అనుకుంటే అది ఆమెకు అవమానం. మొదటి వారంలోనే చూసింది. చూసి ఏం చేసింది? మిల్లులో చిన్న చిల్లు పడితే చుట్టుపక్కల పోగులనే లాగి కనబడకుండా నేసి పూడ్చే పనివాళ్ళుంటారు. ఆమె అదే చేసింది. పాపిడి ఒక వేలు పక్కకు జరిపి, పైజుట్టును చెవి మీదుగా తెచ్చి క్లిప్పు పెట్టి, రోజూ ఇలాగే దువ్వుకో అన్నది. ఎందుకు పీకుతున్నావని అడగలేదు. ఆమె గాజుబల్ల ముందు ఏనాడూ ఏ బట్టనూ ఆ ప్రశ్న అడిగి ఎరగదు.

ఇంతలో బడివారికి పిల్లల మనసుల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రిన్సిపాలు గది పక్కనే ఒక గది ఖాళీ చేయించి, మనసు విప్పే గది అని బోర్డు రాయించి, వరండా వైపు గోడకు బదులు పెద్ద అద్దం పెట్టించారు. లోపల ఎవరు కూర్చుని ఏడుస్తున్నదీ వరండాలో పోయే నాలుగు వందలమందికి కనబడే ఏర్పాటు అది. ఒక కౌన్సిలరు మేడంను వేశారు. ఆ గదిలోకి పిల్లలెవరూ రాకపోవడం చూసి, ఈ బడిలో సమస్యలున్న పిల్లలు లేరని ఆవిడ మొదటి నివేదిక రాసింది. తరువాత ఇరవై ప్రశ్నల కాగితమొకటి అచ్చువేయించి, ఇంటి దగ్గర ఒంటరిగా కూర్చుని నిజాయితీగా నింపి తీసుకురమ్మని అందరికీ పంచింది. పైన లావుపాటి అక్షరాలతో, ఇందులో ఒప్పు తప్పులు లేవు అని రాసి ఉంది.

డేగకన్ను ఆ వాక్యం చదివి పెదవి విరిచింది. ఒప్పు తప్పులు లేని కాగితమంటూ ఒకటి లోకంలో ఉంటుందని ఆమె నమ్మదు. పిల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదటి ప్రశ్న, నిద్ర సరిగా పట్టడం లేదా అని. ఎదురుగా నాలుగు గళ్ళు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలా రోజులు, దాదాపు రోజూ. పిల్ల పెన్సిలు మొదటి గడి దాటింది, రెండోది దాటింది, మూడోదాని మీద కాసేపు ఊగి నాలుగోదాని మీద ఆగింది. తల్లి వేలు వచ్చి మొదటి గడి మీద నిలిచింది.

"అమ్మా, అది నిజం కాదు కదా."

"నిజం చెప్పమన్నారా? నింపమన్నారు."

"నిజాయితీగా అని రాశారు."

"అందరికీ అదే రాస్తారు. రేపు ఇది ఎవరి చేతిలో పడుతుందో నీకు తెలుసా? పై కాలేజీకి పోయేటప్పుడు ఎవరు తీసి చూస్తారో తెలుసా? మీ మామయ్య సంగతి తెలిసీ ఇలా అంటావేంటే."

ఇరవై ప్రశ్నలకు ఇరవై మొదటి గళ్ళు పడ్డాయి. అప్పుడు డేగకన్ను అనుభవం ఒక పని చేసింది. ఒక్క ఎర్రదారం కూడా లేని తాను వస్తే మిల్లులో ఎవరూ నమ్మరు, తనిఖీ చేసిన మనిషి నిద్రపోయిందనుకుంటారు. కనుక రెండుచోట్ల చెరిపించి, అప్పుడప్పుడు అనే గడిలో గుర్తు పెట్టించింది: పరీక్షల ముందు కాస్త కంగారు, స్నేహితురాలితో చిన్న తగాదా. చూడముచ్చటైన రెండు తప్పులు. పెన్సిలుతో చిత్తు, తరువాత పెన్నుతో అసలు. పిల్ల ఆ కాగితం బడిలో ఇచ్చేసింది.

ఫలితం వచ్చింది. బడి మొత్తం మీద ఇంత ఆరోగ్యమైన మనసు ఇంకొకటి లేదని తేలింది. కౌన్సిలరు మేడం మనోమిత్ర బృందమని ఒకటి పెట్టి, దానికి ఈ పిల్లను నాయకురాలిని చేసి, చొక్కాకు గుండ్రటి బ్యాడ్జి తగిలించింది. మనసు బాగాలేకపోతే సిగ్గుపడకండి, అడగండి అని ఉన్న కరపత్రాలను రోజూ ఉదయం గేటు దగ్గర నిలబడి పంచడం పని. చెవి మీద క్లిప్పు బిగించుకొని, మూడు గంటల నిద్రతో, ఆ పిల్ల ఒక్క రోజు మానకుండా పంచింది. ఆ కరపత్రాలు నిటారుగా, అంచుకు అంచు కలిసేలా పట్టుకునేదని టీచర్లు మెచ్చుకున్నారు. బ్యాడ్జితో తీయించిన ఫొటోను డేగకన్ను మిల్లుకు తీసుకువెళ్ళి మరీ చూపింది.

వార్షిక పరీక్షలకు ముందు జరిగే నమూనా పరీక్షలలో గణితం రోజున అసలు సంగతి జరిగింది. పిల్ల రెండున్నర గంటల్లో అన్ని లెక్కలూ చేసేసింది. తిరిగి చూసుకుంటే ఏడో లెక్కలో ఒక అంకె తప్పు. దాన్ని ఒక గీతతో కొట్టి పక్కన సరైనది వేస్తే సరిపోయేది. ఆ బడిలో ప్రతి పిల్లా రోజూ చేసే పని. ఈమె కొత్త కాగితాలు అడిగి తీసుకుంది. మొదటి నుంచి అందంగా ఎత్తిరాయడం మొదలుపెట్టింది. గంట కొట్టేటప్పటికి కొత్త కాగితం మీద నాలుగు వరుసలున్నాయి. పాత కాగితాలు బల్ల మీదే ఉన్నాయి, లెక్కలన్నీ చేసి, ఒక్క తప్పుతో. ఇన్విజిలేటరు ఆమె బల్ల దాకా వచ్చేలోపు పిల్ల ఆ పాత కాగితాలను నాలుగు ముక్కలుగా చించి, ముక్కలను జేబులో కుక్కుకొని, నాలుగు వరుసల కాగితాన్ని చేతికిచ్చింది. నూటికి నాలుగు మార్కులు వచ్చాయి. అక్షరాలు మాత్రం ముత్యాలు.

ప్రిన్సిపాలు తల్లిదండ్రులను పిలిపించాడు. తండ్రి వచ్చి, మీ ఇష్టం అని చెప్పి, బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. పిల్ల గోడ పక్కన నిలబడింది. జ్వరమని డేగకన్ను చెప్పింది. ముందు రోజు నుంచే ఒళ్ళు కాలిపోతోందని, తానే బలవంతాన పంపానని, ఒకటికి రెండు అల్లింది. కౌన్సిలరు మేడం ప్రశ్నల కాగితాన్ని బల్ల మీద పరిచి, మానసికంగా ఈ అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదని ఆధారం చూపించింది. ఎవరో కాగితం దొంగిలించి ఉంటారా అని ప్రిన్సిపాలు అనుమానపడ్డాడు. ముగ్గురు పెద్దలు ఒక కాగితం చుట్టూ చేరి అరగంట చర్చించారు. గోడ పక్కన నిలబడ్డ పిల్లను ఒక్కరైనా ఒక్క మాట అడగలేదు. ఆమె చెయ్యి చెవి వెనకే ఉంది.

బయటికి వచ్చాక కౌన్సిలరు మేడం వెనకాలే వచ్చింది. ఆవిడకూ కళ్ళున్నాయి, ఆలస్యంగా తెరుచుకున్నా. క్లిప్పు జారిన చోటు చూసి, గొంతు తగ్గించి, ఒకసారి డాక్టరుకు చూపించండమ్మా అని ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. డేగకన్ను దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగుకు పంపేసింది. చర్మం డాక్టరుకు చూపిస్తాలెండి అన్నది.

మర్నాటి నుంచి పిల్ల బడికి పోలేదు. పొద్దున లేచి, స్నానం చేసి, యూనిఫారం వేసుకొని, బల్ల ముందు తెల్లకాగితం పెట్టుకొని, పెన్ను పట్టుకొని కూర్చునేది. రాసేది కాదు. సాయంత్రానికి కాగితం తెల్లగానే ఉండేది. ఎందుకు రాయవే అంటే, రాస్తే పాడవుతుంది అన్నది. ఆ మాట తప్ప వేరే మాట లేదు. భోజనం పళ్ళెం వెళ్ళినది వెళ్ళినట్టే తిరిగి వచ్చేది. డేగకన్ను మిల్లుకు సెలవు పెట్టలేదు. సెలవు పెడితే ఎందుకని అడుగుతారు. గాజుబల్ల ముందు నిలబడి ఆ వారంలో మామూలుకు రెట్టింపు ఎర్రదారాలు కట్టింది. నేతపనివాళ్ళు ఈవిడకు ఏం పట్టుకుందిరా అని గొణుక్కున్నారు.

తొమ్మిదో రోజున తమ్ముడు వచ్చాడు. చేతులకు గ్రీజు మరకలు, వాటిని చూసి అక్క కుర్చీ మీద పాత గుడ్డ పరిచింది. వాడు కూర్చోలేదు. గది గుమ్మంలోంచి మేనకోడలిని కొంతసేపు చూసి వెనక్కు వచ్చాడు.

"అక్కా, దీన్ని నేనెరుగుదును. ఈ కూర్చోవడం నేనూ కూర్చున్నా. నేను పడుకుని చేశా, ఇది కూర్చుని చేస్తోంది. నాకంటే బుద్ధిమంతురాలు."

"నోర్ముయ్యరా. నీకూ దానికీ పోలికా?"

"పోలిక లేదులే. నేను పదో క్లాసులో మూడుసార్లు తప్పాను. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

"ఒక ఇంట్లో ఒకటంటే ఏదో సర్దుకుపోతారు. రెండోది పడితే ఆ ఇంటినే పక్కన పెడతారు. నీకు తెలీదు, నేను రోజూ చూస్తున్నా."

"నన్ను ఎర్రదారం అంటావు, సరే, పడుంటా. అది బట్ట కాదే అక్కా."

డేగకన్ను ముఖం తిప్పుకుంది. తాను ఇన్నాళ్ళు ఆ పిల్ల కోసం పడ్డ పాట్లు, దిద్దిన పుటలు, కుట్టిన కుట్లు వరుసపెట్టి చెప్పుకొచ్చింది. వాడు అన్నింటికీ ఊఁ కొట్టాడు. చివర, ఇంత చేశాక ఆసుపత్రి చీటీ మీద దాని పేరు రాయిస్తావా అన్నది. అదీ అసలు భయం. పిల్ల తిండి మానేయడం కాదు, నిద్ర మానేయడం కాదు. ఎక్కడో ఒక ఆసుపత్రి పుస్తకంలో ఆ పేరు ఎక్కడం.

అప్పుడు గుమ్మం దగ్గర పిల్ల నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

"మామయ్యా, అక్కడ ఏం చేస్తారు?"

"అడుగుతారు. చెప్తాం."

"తప్పు చెప్తే?"

వాడు తల గోక్కున్నాడు. "నేను మొదటి రోజు నా వయసే తప్పు చెప్పా. రాసుకున్నారు, కొట్టేసి మళ్ళీ రాసుకున్నారు. ఏమీ అనలేదు. కుర్చీ మాత్రం మహా గట్టిది."

"నేనొస్తా," అన్నది పిల్ల.

ఆ ఒక్క మాటతో డేగకన్ను ఓడింది గాని, ఓటమిని కూడా తన షరతుల మీదే ఒప్పుకుంది. దగ్గరలో ఉన్న ఆసుపత్రి వద్దు, ఊరికి అవతలి కొసన ఉన్నది కావాలి. భర్త డిపో బస్సు ఎక్కకూడదు, తెలిసినవాళ్ళు కనబడతారు. పిల్ల యూనిఫారం వేసుకోకూడదు. తమ్ముడు చేతులు కడుక్కోవాలి. రెండు బస్సులు మారి ముగ్గురూ చేరేటప్పటికి పది గంటలయింది. చీటీలు రాసే కిటికీ దగ్గర చాంతాడంత వరుస. మీరు కూర్చోండి, నేను రాయించుకొస్తా అని ఆమె ఒక్కతే నిలబడింది.

కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా పేరు, వయసు అడిగాడు. ఆమె తన పేరు చెప్పింది. నలభై మూడు అన్నది.

ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పును వదలని మనిషి ఆ చిన్న కాగితం మీద పేరు, వయసు రెండూ తప్పు రాయించి, అమ్మయ్య అనుకుంటూ తిరిగి వచ్చింది. లోపలికి వెళ్ళాక డాక్టరు చెవిలో వేస్తే సరి. కాగితం మీద మాత్రం కూతురు శుభ్రంగా మిగులుతుంది. అంతకంటే తెలివైన ఆలోచన తనకు జీవితంలో తట్టలేదని ఆమెకు అనిపించింది.

పిలుపు వచ్చింది. తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు. డాక్టరు యాభై ఏళ్ళావిడ. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది, టీ చల్లారిపోయి ఉంది. గోడవారగా, నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర డాక్టర్లు ఇద్దరు పుస్తకాలు పట్టుకొని కూర్చున్నారు. వాళ్ళను చూడగానే డేగకన్ను చెప్పదలచుకున్నది గొంతులోనే ఆగిపోయింది. డాక్టరు చీటీ చూసి, ఎదుటి కుర్చీ ఆమెకే చూపించింది. పిల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది.

"చెప్పండమ్మా. నిద్ర పడుతోందా?"

చెప్పవలసిన క్షణం అదే. కాని ఎవరైనా ప్రశ్న అడిగితే సరైన జవాబు చెప్పకుండా ఉండడం డేగకన్నుకు చేతకాదు.

"బాగా పడుతుందండీ. పడుకుంటే పొద్దున్నే లేవడం."

"ఆకలి?"

"వేళకి వేస్తుంది."

"చేసిన పనే మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంటారా?"

"అది నా ఉద్యోగమండీ. దానికే జీతం ఇస్తారు."

కుర్ర డాక్టర్లలో ఒకడు నవ్వు ఆపుకున్నాడు. డాక్టరు నవ్వలేదు.

"ఎప్పుడైనా దిగులుగా, ఏడవాలనిపిస్తుందా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. అన్నీ మొదటి గళ్ళే పడుతున్నాయని గమనించింది కాబోలు. "పిల్ల పరీక్షలప్పుడు కాస్త కంగారు. అప్పుడప్పుడు."

"మనసులో మాట ఎవరితోనైనా చెప్పుకుంటారా?"

"చెప్పుకోవడానికి ఏముందండీ. అంతా బాగానే ఉంది."

స్టూలు మీంచి ఒక వింత శబ్దం వచ్చింది. పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తొమ్మిది రోజులుగా నాలుగు మాటలు పలకని గొంతు బొంగురుగా ఉంది.

"అవి ఇంట్లో రాసుకున్న జవాబులండీ. బడి కాగితం మీద నాకూ అవే రాయించింది. ఆ చీటీ నాది. నాకు నిద్ర పట్టదు."

డేగకన్ను కూతురి వైపు తిరిగి వేలు ఎత్తింది. ఎత్తిన వేలు ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు. ఎదుట పుట ఏదీ లేదు. డాక్టరు కళ్ళజోడు పెట్టుకొని పిల్లను అప్పుడు సరిగా చూసింది. పేరేమిటి అని అడిగింది. పిల్ల చెప్పింది. వయసు పదహారు అన్నది. డాక్టరు చీటీ మీద ఉన్న పేరును అడ్డంగా ఒక గీతతో కొట్టి, నలభై మూడునూ కొట్టి, పైన ఇరుకులో వంకరగా కొత్తవి రాసింది.

"కొట్టివేతలు పడ్డాయండీ," అన్నది డేగకన్ను, సగం లేచి. "ఇలా ఇవ్వండి, కొత్త చీటీ రాయించుకొస్తా. అయిదు నిమిషాలు."

"వద్దమ్మా," అన్నది పిల్ల. "మళ్ళీ అంత వరస. అంతసేపట్లో నాకు ధైర్యం పోతుంది."

డాక్టరు చీటీ ఇవ్వలేదు. తల్లిని కాసేపు బయట కూర్చోమన్నది. కుర్ర డాక్టర్లను కూడా పంపించింది. డేగకన్ను తలుపు దాకా వెళ్ళి, వెనక్కు తిరిగి, జుట్టు సంగతి కూడా చెప్పవే అనబోయి, అనలేక, బయటికి వచ్చింది. ఆ మాత్రం దయ ఆమెలో ఎక్కడ మిగిలిందో దేవుడికే తెలియాలి. మిగిలినా, నోటి దాకా రావడానికి దానికి దారి తెలియలేదు.

బయట బెంచీ మీద తమ్ముడు పక్కనున్న ముసలావిడ చేతికర్ర రబ్బరు మూత ఊడితే బిగిస్తూ కూర్చున్నాడు. సగం బిగించి ఆపి, ఏమైంది అని కళ్ళతోనే అడిగాడు. అక్క కూర్చుని చీర అంచు సర్దుకుంది. తలుపు మూసే ఉంది. లోపల మాటలు వినబడటం లేదు గాని, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది. ఆగి ఆగి, చాలాసేపు ఒక్క గొంతే. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. ఆ ఇంట్లో పదహారేళ్ళలో ఆ పిల్ల ఏకబిగిన అంతసేపు మాట్లాడింది లేదు.

చేతికర్ర ముసలావిడ ఊరికే కూర్చోలేక డేగకన్ను వైపు వంగింది.

"ఎవరికమ్మా బాగోలేదు?"

డేగకన్ను ఎదుటి గోడ చూసింది, తలుపు చూసింది. ఇరవై నిమిషాలుగా లోపల కూతురు సాధిస్తున్నది ఆమె వల్ల కాలేదు.

"మా తమ్ముడికి," అన్నది.

ముసలావిడ జాలిగా వాడివైపు తిరిగింది. వాడు రబ్బరు మూత పూర్తిగా బిగించి, కర్రను నేలకు రెండుసార్లు తట్టి చూసి, ఆమె చేతికి అందించాడు.

"అవునండీ, నాకే," అన్నాడు. "పాతదే. ఇక్కడ బాగా చూస్తారు. మీరేం భయపడకండి."